ఏలియా బావ ముంగట నడిచినోడు

దయ్యాలున్నయని నేను ఏనాడూ నమ్మలే. ఎట్ల నమ్ముత? గోదావరిఖనిల తిరిగే దయ్యాల కథలల్ల సగం నేను పుట్టిచ్చినవే. రెండో షిఫ్టు బస్సుల టికెట్ తీసుకోని ముసలామె నాదే. మార్చురీ కాడ తెల్లచీర కూడ నాదే. ఇప్పుడు నిజంగ జరిగింది చెప్తుంటే మా అక్క కూడ "ఇగ చాలు తియ్యిరా" అంటది. నా కర్మ.

మా ఏలియా బావ, అంటే మా అక్క మొగడు, ఏండ్ల సంది భూగర్భ గనిల పనిచేస్తుండు. చర్చిల సంఘపెద్ద, మందు చుక్క ముట్టడు. అసొంటోడు పోయినేడు నుంచి తూలుడు మొదలుపెట్టిండు. చాయ్ కప్పు నోటికాడికి వచ్చేసరికి సగం అంగి మీదనే. మాట ముద్దముద్ద. కాలనీల అందరు తాగుడే అనుకున్నరు. పాస్టరు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, చేసినంతసేపు బావ నోటి వాసన పట్టిండు.

ఆఖరుకు గని ఆఫీసోళ్లు పెద్ద దవాఖానకు పంపిన్రు. బావ మళ్ల గనిలకు దిగొచ్చా, దిగొద్దా అని నరాల డాక్టరమ్మ తేల్చాలె. ఆ నడకతోని దిగితే, నడిచే బొగ్గు బెల్టు మీద పడుడు ఖాయం. అక్కకు ముద్ద దిగుతలేదు.

పట్టపగలు. గదిల కిటికీలన్నీ తెరిచే ఉన్నయి. అక్క బయట కూసున్నది, నేను లోపలున్న.

డాక్టరమ్మ తన వేలు చూపించి, "దీన్ని ముట్టుకొని, తర్వాత మీ ముక్కు ముట్టుకోండి" అన్నది. బావ వేలు వణుక్కుంట పోయి ఆమె వేలు దాటిపోయింది. తిరిగొచ్చి చెంపకు గుచ్చుకున్నది. అరచేతి మీద ఇంకో చేతిని తిప్పితిప్పి కొట్టుమంటే పిండి పిసికినట్టు చేసిండు. పండుకోబెట్టి, ఒక మడమను రెండో మోకాలి నుంచి కిందికి జరుపుమంటే, అది పక్కకు జారి మంచానికి తాకింది. చిన్నమెదడు దెబ్బతింటే ఇట్లనే అయితదని డాక్టరమ్మ చెప్పింది. ఇగ గనిలకు తోలరని నా పానం నిమ్మళమైంది.

ఇగ మిగిలింది నడక. ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనిచ్చుకుంట గోడ దాక పోయి రమ్మన్నది.

బావ కుడిచెయ్యి ముందుకు చాపిండు, రొమ్మెత్తున. నడిచిండు. సక్కగ, గీత గీసినట్టు. గోడ దాక పోయి మళ్లొచ్చిండు.

నాకు మండింది. ఇంటికాడ బాత్రూంకు పోవాలంటే ఇద్దరం పట్టుకోవాలె, ఈడ మాత్రం కవాతా?

"ఏమండీ, ఇందాకటివన్నీ నాటకాలా? ఇంత బాగా నడిచే మనిషిని గనిలోకి పంపొద్దని నేనెలా చెప్పను?" అన్నది డాక్టరమ్మ. మళ్ల నడిపించింది. మళ్ల గంతే. చెయ్యి దించుమన్నది. దించంగనే ఒరిగిండు. ఎత్తంగనే సక్కగైండు.

"గా చెయ్యేంది బావా?"

"ముంగట మనిషున్నడు గదరా" అన్నడు, నేనే గుడ్డోన్నైనట్టు.

అప్పుడు సమజైంది. గనిల నెత్తి మీది దీపం ఆరిపోతే, ముంగటోని భుజం మీద చెయ్యేసి నడుస్తరు. బావ గట్లనే నడుస్తుండు. కానీ ముంగట ఎవ్వలు లేరు.

ఓపిక పోయింది. ఖాళీ జాగనే తిట్టిన. చెయ్యి రొమ్మెత్తుననే ఉన్నది, అంటే పొట్టోడు. పేరు నోటికొచ్చింది పెట్టిన. "పొట్టి ఓదెలన్నా, నీకు దండం పెడ్త! ఇన్నొద్దులు ఇంటికాడ పడుతుంటే యాడవోయినవ్? ఇప్పుడు సాయంజేస్తే ఈయనను మళ్ల గనిలకు తోల్తరు. జరుగు!"

బావ చెయ్యి కింది ఆసరా గుంజినట్టు జారింది. కాళ్లు ఎడమెడం పడ్డయి. డాక్టరమ్మ మీదికే ఒరిగిండు. ఆ తర్వాత చెయ్యెత్తినా, ఎంతసేపు నడిపించినా, ఒక్క అడుగు కుదురుగ పడలే.

"గోడకు వేలు తాకితే నడక కొంచెం కుదురుకుంటుంది. గాలికి తాకితే కుదరదు" అని గొణుక్కున్నది డాక్టరమ్మ. బావ ఇగ గనిలకు దిగొద్దని తేల్చేసింది. అక్క బయట బల్ల మీదనే కూసోని ఏడ్చింది.

ఇంటికాడ ఆటో దిగినంక బావ అడిగిండు. "ఓదెలు పేరు నీకెవ్వలు చెప్పిన్రు?"

బావ కొత్తగ పనిలకు ఎక్కినప్పుడు ఆయన ముంగట నడిచెటోడంట ఓదెలు. పొట్టోడంట. గని పైకప్పు కూలి సచ్చిపోయిండంట. ఆ ముచ్చట అక్కకు కూడ తెల్వదు.

"ఉత్తగనే అన్న బావా" అన్న. నమ్మలే. మా దిక్కు ఓదెలు పేరున్నోళ్లు మస్తుమంది ఉంటరు, సరే. కానీ జరుగుమంటే జరిగిందేంది?

బావ ఇప్పటికీ నన్ను చూస్తే మొకం తిప్పుకుంటడు. "మంచోన్ని ఎల్లగొట్టినవ్" అంటడు. పానం కాపాడినోనికి ఇదా మర్యాద? నేను ఎల్లగొట్టింది ఎవన్నో నాకే తెలుస్తలేదు.