కమ్మింగ్ అన్న, ప్లాస్టిక్ వానపాములు

అమెరికాలో, అట్లాంటా దగ్గరి కమ్మింగ్‌లో నాకు బేస్‌మెంట్‌లో చోటిచ్చిన అన్న గత వారం పోయాడు. ఆఫీసు ముందు కారు దిగుతూనే కుప్పకూలిపోయాడట. నలభై ఏడేళ్ళు. వదిన ఫోన్ చేసి, "గురువారం తెనాలి తీసుకొస్తున్నాం" అంది. అమెరికా వెళ్ళిన పదమూడేళ్ళకి అన్న మొదటిసారి ఊరికి వస్తున్నాడు. ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నదీ, ఏదీ దాచొద్దన్నదీ వదినే. పిల్లలతో ఇక ఇక్కడే ఉండిపోతుందట.

నేను అన్న ఇంట్లో దిగింది రెండువేల తొమ్మిదిలో. మాస్టర్స్ అయిపోయి, చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికిచ్చే ఓపీటీ మీద ఉన్నాను. ఉద్యోగం లేకుండా తొంభై రోజులు దాటితే దేశం వదలాల్సిందే. మా బంధువుకి స్నేహితుడన్న పరిచయం తప్ప మా మధ్య ఇంకేమీ లేదు. అయినా, "కింద ఖాళీగానే ఉంది, ఉండు" అన్నాడు. ఆ గదికి ఒకటే కిటికీ, అదీ నేలకు ఆనుకుని. అందులోంచి లాన్ కోసే మనిషి బూట్లు తప్ప ఏమీ కనపడేవి కావు. నాకు కారు లేదు, నడిచి వెళ్ళేంత దూరంలో ఏమీ లేదు. పొద్దున లేచి క్యాలెండర్‌లో ఒక గడి కొట్టేసి ఫోన్ ముందు కూర్చునేవాణ్ణి. అది మోగేది కాదు.

ఊరికే కూర్చుని తింటున్నానన్న సిగ్గుతో ఒకరోజు గరాజ్ సర్దాను. అన్నకి బాస్ చేపలు పట్టే పిచ్చి. వాటికి ఎరగా వాడే మెత్తటి ప్లాస్టిక్ వానపాములు, జానెడేసి పొడుగువి, అరల నిండా కవర్లలో ఉన్నాయి. వాటన్నిటినీ కవర్లలోంచి తీసి, రంగుల వారీగా వదిన ఊరగాయ డబ్బాల్లో సర్ది, పైన పేర్లు కూడా అంటించాను. జార్జియా ఎండకి నాలుగో రోజుకల్లా డబ్బాల అడుగు కరిగి, వానపాములన్నీ ముద్దయిపోయాయి.

"ఏరా, ఇదేమన్నా పోపుల పెట్టె అనుకున్నావా?" అన్నాడు అన్న. "కంపెనీవాడు డబ్బాలు దొరక్క కవర్లో పెట్టి అమ్ముతున్నాడా? మెత్త ప్లాస్టిక్ గట్టి ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ఏ కవర్లోది ఆ కవర్లోనే ఉండాలి." డబ్బాలు పోయినందుకు వదిన నాలుగు రోజులు దెప్పింది. అన్న మాత్రం ఆ శనివారం నన్ను తన చిన్న పడవలో లేక్‌కి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్ళాం.

"షాపులో నీకు నచ్చిన రంగు కాదు, నీళ్ళు అడిగిన రంగు కొను" అనేవాడు. నీళ్ళు తేటగా ఉంటే లేత ఆకుపచ్చ. వానకి ఎర్రమట్టి దిగి మురికైతే నలుపు. ఇక వానపామును కొక్కేనికి గుచ్చడం ఒక చదువు. తలలోంచి కొక్కెం మొన గుచ్చి, కాస్త కిందికి రాగానే బయటికి తీసేవాడు. తలను దారం ముడి దాకా జరిపి, కొక్కెం తిప్పి, మొన మళ్ళీ ఎక్కడ దిగాలో ఒంటి పక్కన ఆనించి కొలిచేవాడు. చివరికి మొనను పైచర్మం కిందే దాచేవాడు. బయట ఉంటే నాచుకీ, మునిగిన కొమ్మలకీ తగులుకుంటుంది. వంకర పోతే నీళ్ళలో గిరగిరా తిరిగి దారమంతా మెలికలు పడుతుంది. నేను గుచ్చినవి జంతికల్లా ఉండేవి. "విప్పు, మళ్ళీ గుచ్చు" అనేవాడు, విసుగు లేకుండా. ఆ కాసేపు నాకు క్యాలెండర్ గుర్తొచ్చేది కాదు.

డెబ్బై ఆరో రోజున ఒక కన్సల్టెన్సీ నా పేరుతో రెజ్యూమె తయారుచేసి పంపింది. నేనెప్పుడూ చూడని బెంగుళూరు కంపెనీలో నాలుగేళ్ళు పనిచేశానట. సంతకం పెడితే వారంలో ఇంటర్వ్యూ. ప్రింట్ తీసి లేక్‌కి పట్టుకెళ్ళాను.

"అన్నా, అందరూ పెడ్తున్నరు. పెడ్తే ఏమైతది?"

అన్న ఆ కాగితం చివరిదాకా చదివి, మడిచి నా చేతికిచ్చాడు.

"నేనూ పెట్టాను కదరా. ఏమీ కాలేదు. హెచ్‌వన్ వీసా వచ్చింది, ఇల్లు కొన్నాను." చేతిలో ఉన్న వానపామును కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "కానీ ఇండియా వెళ్తే తిరిగి రావడానికి కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ చేయించుకోవాలి, అక్కడ ఆ పాత కంపెనీ లెటర్లు అడుగుతారేమోనని భయం. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తేవాడే లేడు. అందుకే వచ్చిందగ్గర్నుంచి ఊరికెళ్ళలా. అమ్మ పోయినప్పుడు టికెట్ బుక్ చేసి క్యాన్సిల్ చేశాను. బాగా ఏడ్చాననుకో, కానీ వెళ్ళలా."

"అయితే పెట్టొద్దంటవా?"

"నేను చెప్పను. చెప్పే మొహం నాకు లేదు."

నాకు ఒళ్ళు మండింది. ఇల్లూ పడవా ఉన్నవాడు ఇలాంటి మాటలు ఎన్నయినా చెబుతాడనుకున్నాను. రెండు రోజులు పైకి భోజనానికి వెళ్ళలేదు. వేళకి కంచం మెట్ల మీద ఉండేది. ఏం చేశావని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

నేను సంతకం పెట్టలేదు. అది ధైర్యమని అనుకోకండి. పడవలో ఆయన మొహం చూశాక భయమేసింది, అంతే. ఎనభై ఎనిమిదో రోజుకి టికెట్ కొన్నాను. ఓడిపోయి ఇల్లు చేరినట్టే ఉండింది చాలాకాలం. కానీ నాన్న ఆపరేషన్ రోజున ఆయన మంచం పక్కన నేనున్నాను. అది అన్న పుణ్యమే. ఆ మాట ఫోన్‌లో ఎన్నిసార్లో చెప్పబోయి, ఆయనకి అమ్మ గుర్తొస్తుందని ఆగిపోయాను.

అట్లాంటా ఎయిర్‌పోర్ట్‌లో సాగనంపడానికి వచ్చినవాళ్ళు సెక్యూరిటీ లైన్ దగ్గర ఆగిపోవాలి. నేను బయల్దేరిన రోజు అక్కడ అన్న, "బోర్డింగ్ పాస్ ఒకసారి ఇవ్వరా" అన్నాడు. ఏదైనా తప్పుందేమో చూస్తున్నాడనుకున్నాను. నా పేరు చదివాడు. హైదరాబాద్ అని ఉన్నచోట బొటనవేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. వెనకవాళ్ళు మమ్మల్ని దాటుకుని పోతున్నారు.

"అన్నా, టైమైతాంది" అన్నాను.

"ఆఁ, ఆఁ" అన్నాడు కానీ వదల్లేదు. ఆయన వేళ్ళ మధ్య నుంచి ఆ కాగితాన్ని నేనే మెల్లగా లాక్కోవాల్సి వచ్చింది.