పొగమంచులో నోయిడా బడికి

వసుధా నేనూ ఒకే కాలేజీలో లెక్చరర్లం. చిన్నపిల్లల బడులకు టీచర్లను తయారుచేయడం మా పని. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు పాఠం చెబుతుంటే వెళ్లి చూడాలి. బడులు ఢిల్లీ చుట్టూ చెల్లాచెదురుగా ఉంటాయి, చూసేవాళ్లం కొద్దిమందిమే. నోయిడా వైపు వసుధ వెళ్లేది, సాయంత్రం తిరిగొచ్చాక చాలా నెమ్మదిగా మాట్లాడేది. మొన్న వర్షాకాలంలో ఆమె పోయింది. డిసెంబరులో ఆ బడులు నాకిచ్చారు.

ద్వారక నుంచి బ్లూ లైన్ ఎక్కితే నోయిడా దాకా రైలు మారే పని లేదు. ఏడింటికి బయల్దేరితే ఎనిమిదిన్నరకల్లా దిగవచ్చు. టికెట్ అరవై పైన. యమున దాటుతున్నప్పుడు నది కనిపించలేదు. అంతా తెలుపు. రైలు ఆగే ఉందనీ, స్టేషన్లే ఒక్కొక్కటిగా మా దగ్గరికి వస్తున్నాయనీ అనిపించింది. పక్క సీటు ఖాళీగా ఉంది. సంచి అక్కడ పెట్టలేదు.

స్టేషన్ నుంచి బడికి షేర్ ఈ-రిక్షాకు ఇరవై. ముందు బండి లైటు పట్టుకుని పోతున్నానని డ్రైవర్ చెప్పాడు. "వాడు కాలవలో పడితే మనమూ అంతే, అంకుల్."

రెండో తరగతి. పాఠం చెప్పాల్సింది శిరీష, కరీంనగర్ అమ్మాయి. ఇదే ఆమె చివరి పరీక్ష. నేను బాగుందని రాయకపోతే ట్రైనింగంతా మళ్లీ చేయాలి. మధ్యాహ్నం నాకు గురుగ్రామ్‌లో ఇంకో బడి ఉంది. ఇక్కడ కూర్చోగలిగేది అరగంటే.

నాకు కుర్చీ వేశారు. ఒక పాప హిందీలో అభ్యంతరం చెప్పింది. "ఆ మేడమ్ కిందే కూర్చునేది."

ఏ మేడమ్ అని అడిగాను.

"పెద్ద బొట్టు మేడమ్."

ఆ పాప పక్కనే నేల మీద కూర్చున్నాను.

నీటి గురించి పాఠం. ప్రశ్న పూర్తి కాకముందే పిల్లలు జవాబు అరుస్తున్నారు. "ఇది నిన్ననే అయిపోయింది కదా దీదీ," అన్నాడొకడు. తరగతంతా నవ్వింది. శిరీష నా దగ్గరికొచ్చి తెలుగులో మెల్లగా చెప్పింది.

"మూడు దినాల సంది ఇదే చెప్పిస్తున్న సార్. మీరొచ్చేది ఒక్కసారి. అది ఖరాబైతే నా సంగతేంది?"

తప్పు ఆమెది ఒక్కదానిదే కాదు. మేం వచ్చి చూసేది రిహార్సల్‌నే, మార్కులు వేసేదీ దానికే. వేసే మాలో చాలామంది రెండో తరగతికి ఒక్కరోజైనా పాఠం చెప్పినవాళ్లం కాదు.

గురుగ్రామ్‌కు ఫోన్ చేసి రేపు వస్తానన్నాను. "వీళ్లకు తెలియనిదేదైనా చెప్పమ్మా. నేనుంటాను."

ఆమె కాసేపు కిటికీ వైపు చూసింది. బయట ఉండాల్సిన చెట్టు ఎటు పోయిందని పిల్లల్ని అడిగింది. ఎవరూ అరవలేదు. మంచు తినేసిందని ఒకడన్నాడు. కాదని ఇంకొకడు. టిఫిన్ డబ్బాల మూతలు తీయించి, వాటిమీద ఊదమంది. చల్లటి స్టీలు తెల్లబడింది. గొడవ, తోపులాట. ఒకడు ఏడ్చాడు కూడా. ఆమె వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ తెలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో వాడినే అడిగింది.

నా పక్క పాపకు మూత లేదు. నా కళ్లజోడు తీసుకుని ఊది, మళ్లీ నాకే పెట్టింది. తరగతి కరిగిపోయింది. వెనక వరుసలో ఎవరైనా కూర్చుని ఉండవచ్చు అనిపించింది. తుడుచుకోలేదు.

శిరీష పాసైంది.

తిరుగు రైలెక్కేసరికి ఎండ వచ్చింది. యమున కనిపించింది. ఉదయం కూడా అది అక్కడే ఉందన్నమాట. రోజూ ఇంత దూరం వచ్చి, సాయంత్రం వసుధ ఎందుకంత నెమ్మదిగా మాట్లాడేదో కొంత తెలిసింది.

ఈ పని మీద ఇటు వచ్చేవారికి ఒక్కటే చెబుతాను. రోజుకు ఒకే బడి పెట్టుకోండి. నేల చల్లగా ఉంటుంది, మందపాటి శాలువా తెచ్చుకోండి.