పిన్ని మూడో కీమో కోసం, బాపట్ల మీదుగా రేపల్లె

నేను ఎం.ఫార్మసీ చదువుతున్నానని మా అమ్మకి తెలుసు. అందులో ఏం చేస్తున్నానో మాత్రం తెలియదు. అయినా తెనాలిలో మా వీధి దగ్గర్నుంచి రేపల్లెలో పిన్ని దాకా అందరికీ “మా అమ్మాయి కేన్సర్‌కి మందు కనిపెట్టింది” అని చెప్పేసింది. కాదు మొర్రో అంటే వినయం అనుకున్నారు. ఆ మాట నమ్మి, రొమ్ము కేన్సర్‌కి కీమో తీసుకుంటున్న పిన్ని మూడో విడత మానేసింది. నేను ల్యాబ్‌లో చేస్తున్న జెల్ మందు వచ్చాక అదే వేయించుకుంటుందట! కీమో మానొద్దని ఫోన్లో చెబితే వినలేదు. అందుకే శనివారం బయల్దేరాను.

తెనాలి నుంచి రేపల్లెకి నేరుగా రైలుంది, గంట ప్రయాణం. కానీ బాపట్లలో మా కాలేజీ ల్యాబ్‌లో పదింటికల్లా శాంపిల్ తియ్యాలి కాబట్టి చుట్టు తిరిగాను. ఉదయం ఏడున్నర ప్యాసింజర్, టికెట్ పదిహేను రూపాయలు. చుండూరు దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. స్టేషన్ బయట నలభైకి ఇడ్లీ తిని ల్యాబ్‌కి వెళ్ళేసరికి, ముందురోజు నా నానోజెల్ వేసి పెట్టిన రెండు సీసాల్లో ఒకదాంట్లో నీళ్ళు లేత గులాబీ రంగుకి తిరిగాయి. నానోజెల్ అంటే కంటికి కనిపించనంత చిన్న, నీళ్ళు పీల్చుకుని ఉబ్బిన ఉండ. లోపల ఎర్ర మందు పెడతాం. కణితి చుట్టూ పులుపు కాస్త ఎక్కువగా ఉంటుంది, అక్కడే మందుని వదలాలని మా ఆశ. పులుపు కలిపిన సీసాలో వదిలింది, మామూలు సీసాలో రంగు దాదాపు మారలేదు. గెంతాలనిపించింది. ల్యాబ్‌లో ఇంకెవరూ లేరు కాబట్టి గెంతాను కూడా.

పదకొండున్నరకి చెరుకుపల్లి మీదుగా వెళ్ళే రేపల్లె పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్ళకి ఉచితం. కండక్టర్‌కి ఫోన్లో ఆధార్ ఫొటో చూపిస్తే, “ఫొటోలు ఆల్బమ్‌లో పెట్టుకోమ్మా, కార్డు చూపించు” అన్నాడు. బ్యాగు అడుగున దొరికింది.

ఒకటిన్నరకి ఇల్లు చేరాను. పిన్ని తలకి స్కార్ఫ్ కట్టుకుని, వేడి చేసిందని సబ్జా నీళ్ళు తాగుతోంది. నన్ను చూడగానే “తెచ్చావా?” అంది.

“ఏంటి పిన్నీ?”

“నీ జెల్లే! పోయిన ఆదివారం చర్చిలో దానికోసం ప్రార్థన కూడా పెట్టించా.”

ఆమె గ్లాసు వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. “ఈ గింజ చుట్టూ జిగురు ఉబ్బింది చూడు. నా జెల్ ఇలాంటిదే, దీనికన్నా ఎంతో చిన్నది. గింజ ఉన్నచోట మందుంటుంది.”

“ఏం మందే?”

“నీకు ఎక్కించే ఎర్ర మందే.”

“నా జుట్టు ఊడగొట్టిందే, అదా?”

“అదే. ఒళ్ళంతా తిరగకుండా కణితి దగ్గరే దింపాలని చూస్తున్నాం. ఇంకా సీసా దాటలేదు. నీకు అందే టైముకి రాదు పిన్నీ.”

పిన్ని నా చేతిలోంచి గ్లాసు తీసుకుని గింజల్ని చూసింది. తర్వాత నవ్వింది. “అంటే బస్సే కొత్తది, ఎక్కేవాడు పాతవాడేనన్నమాట. రాని బస్సు కోసం నేను స్టాండులో కూర్చున్నా. మీ అమ్మ ఈ ముక్క చెప్పలేదే!”

“ఆవిడకి తెలిస్తేగా.”

“కీమో వాంతులు తట్టుకోలేక కదే మానేసింది...” అంది మెల్లగా. ఆ సంగతి డాక్టరుకి చెప్పలేదట. ఆసుపత్రికి ఫోన్ చేయించాను. వాంతుల మాత్రలు మారుస్తామని, మూడో విడతకి సోమవారం రమ్మని చెప్పారు.

“ప్రార్థన మాత్రం ఆపించను. నాకు కాకపోతే ఇంకొకళ్ళకి” అంటూ నాకు అన్నం పెట్టింది.

సాయంత్రం ఐదింటి తెనాలి రైల్లో కూర్చుని ఆలోచించాను. నా జెల్ తనకి అందదన్న నిజం చెబితే పిన్ని కూలిపోతుందని వారం రోజులు నాన్చాను. తీరా చెప్పాక, నేను బయల్దేరేముందు ఆమె అడిగింది సోమవారం ఎన్నింటికి వెళ్ళాలని. నా సీసాలో రంగు మారడానికి, ఒక మనిషికి మేలు జరగడానికి మధ్య చాలా ఏళ్ళుంటాయి. ఆ ఏళ్ళు ఇప్పుడు నాకు బరువుగా అనిపించడం లేదు. మీరు ఇదే దారిలో వెళ్తుంటే ఒక్క మాట: మధ్యాహ్నం బాపట్ల నుంచి రేపల్లె బస్సులు పలచగా ఉంటాయి, పన్నెండు లోపే ఎక్కేయండి.

మిగిలిన కీమోలన్నిటికీ పిన్నితో నేనే వెళ్తాను. ల్యాబ్ పని మిగతా రోజుల్లో చేసుకుంటాను.