తెర లాగి అడిగిన టీచరమ్మ

కుప్పంలో తన తమ్ముడి ఇంట్లో మా టీచరమ్మ నిద్రలోనే పోయారని ఫోను వచ్చింది. అప్పుడు నేను వార్డులో ఉన్నాను. మదనపల్లెలో నర్సింగు చదివినప్పుడు నాకు పాఠం చెప్పిన మనిషి. మందులు పంచడం ముగించి, వెళ్లి స్టోరు గదిలో కూర్చున్నాను.

మేం రెండో ఏడాది చదువుతుండగా సోమల నుంచి ఒకామె నడుం నొప్పి అంటూ మా ఆస్పత్రికి పదేపదే వచ్చేది. మాత్రలిచ్చి పంపేవాళ్లు. ఒకరోజు టీచరమ్మ ఆమెను చూశారు. వెంట వచ్చిన అత్తను వేణ్ణీళ్ల కోసం క్యాంటీనుకు పంపి, తెర లాగి, పక్కన కూర్చున్నారు.

"మొగుడితో కలిసినాక రక్తం కనబడతాండాదా అమ్మా? కొందరికి అట్ల అయితాది. అందుకే అందర్నీ అడుగుతాను."

ఆమె కొంగు అంచు మడతపెట్టింది. "ఏడాదిగా ఉండాది మేడం. యాడ చెప్పుకునేది? ఎవురూ అడగలా."

గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు. అప్పటికే ముదిరిపోయింది. ఆమె చనిపోయాక టీచరమ్మ మాతో అన్నారు: "ఆమె చెప్పుకుందామనే వచ్చినాది. మనమే అడగలా."

అప్పటినుంచి సాయంత్రాలు వేరే క్లాసు పెట్టారు. ఒకరు రోగి, ఒకరు నర్సు. ఆడవాళ్ల ఒంటి గురించి పుస్తకంలో ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ మన తెలుగులో పైకి అనాలి. మాకు నవ్వు ఆగేది కాదు. ఆవిడ కోప్పడేవారు కాదు. "నవ్వుకోండి. ఈడ నవ్వేస్తే ఆడ నవ్వు రాదు" అనేవారు. మొగుడు బలవంతం చేస్తున్నాడా అని అడగడం, జవాబు విన్నాక మొహం మారకుండా కూర్చోవడం నేర్పారు. రెండోది నాకు ఇప్పటికీ కష్టమే.

మాలో ఒక అమ్మాయి తండ్రి, చర్చిలో పెద్దమనిషి, హాస్టలు దగ్గర అందరి ముందూ నిలదీశాడు. "పెండ్లి చేసుకోని మనిషివి. నీకు ఇవన్నీ యాల?"

ఆ సాయంత్రం కూడా క్లాసు జరిగింది. ఆవిడ గొంతు మాత్రం బాగా తగ్గిపోయింది.

రిటైరయ్యాక పుంగనూరులో ఒంటరిగా ఉండేవారు. చౌడేపల్లె వైపు నుంచి సంతకొచ్చిన ఆడవాళ్లు ఆవిడ వరండాలో కాసేపు కూర్చుని, ఇంకెక్కడా చెప్పుకోలేనివి చెప్పుకుని పోయేవారు. మదనపల్లెలో ఆ క్లాసును మళ్లీ ఎవరూ పెట్టలేదు. నాకు ఫోను చేసినప్పుడల్లా ఆవిడ మొదటి మాట ఒకటే: "అడుగుతాండావా?" చివరి రోజుల్లో కుప్పానికి తీసుకెళ్లాక మనుషుల్ని సరిగా గుర్తుపట్టలేకపోయినా ఆ మాట మరిచిపోలేదని తమ్ముడు చెప్పాడు.

పుంగనూరు సమాధుల తోటలో బంధువులు పదిమందికి మించి లేరు. గోడవారగా మాత్రం చాలామంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. తమ్ముడు దగ్గరికెళ్లి అడిగాడు. "మీరు ఎవరమ్మా? అక్క మీకెట్ల తెలుసు?"

"తెలుసప్పా" అంది ఒకామె. మిగతావాళ్లు తల దించుకున్నారు.

ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి పిడికెడు మట్టి వేశారు. కొంగుకు చేయి తుడుచుకుని, ఎవరి దారిన వాళ్లు బస్సుల వైపు నడిచారు.