టెండర్ రేకులో కోత

ధర్మవరం పోయి పట్టుచీర కొనకుండా తిరిగొచ్చే ఆడమనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. నేను పోయేది స్టేషన్ కోసం. పాత మీటర్ గేజ్ రోజుల ఆనవాళ్లు ఏమన్నా మిగిలాయేమో వెతికి, కొలిచి, ఫొటో తీసుకుని హిందూపురం బండెక్కుతాను. ఇంట్లో ఒక గది నిండా చిన్న చిన్న రైళ్లే. కొన్నవి కొన్ని, చేసినవి కొన్ని. పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుంది నీ వ్యవహారం అంటాడు మా ఆయన. అంటూనే బొమ్మ పట్టాల మీద దుమ్ము తుడిచిపెడతాడు.

ఈ పిచ్చి నాకు నాయన నుంచి వచ్చింది. ఆయన ధర్మవరంలో ఆవిరి ఇంజిన్ మీద ఫైర్‌మన్‌గా చేశాడు. పారతో బొగ్గు ఎత్తి మంటలో వేసే పని. ఆయన పనిచేసిన ఇంజిన్‌నే ఇత్తడి రేకుతో చేయాలని రెండేళ్లు కూర్చున్నాను. అంతా బాగానే సాగి, వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండర్ దగ్గర పేచీ వచ్చింది. బొగ్గు ముందుకు జారకుండా టెండర్‌కు ఒక అడ్డరేకు, దాని మధ్యలో పార దూరేంత సందు ఉంటాయి. ఆ సందు కుడి అంచు మీద నాయన వేలు పెట్టాడు.

"ఈడ కోత ఉండాది పాపా. పార తిప్పేటప్పుడు ఈ అంచుకు తగిలి వేళ్లు చెక్కుకుపోతాండె. షెడ్డులో చెప్పి కోయించుకుంటిమి."

నా దగ్గరున్న డ్రాయింగ్‌లో ఆ అంచు తిన్నగా ఉంది. మధ్యాహ్నం తిన్నదేమిటో సాయంత్రానికి మరిచిపోతున్న మనిషి మాట నమ్మాలా, కాగితాన్ని నమ్మాలా? ఆయన మొహం చూసి కోశాను గానీ, నిజం చెప్పాలంటే నమ్మలేదు.

రైళ్ల చరిత్రంటే ప్రాణం పెట్టేవాళ్లంతా కలిసి హిందూపురంలో ఒక కల్యాణమండపంలో ప్రదర్శన పెట్టారు. ఆ పొద్దున ఇంజిన్‌ను డబ్బాలో సర్దుతూ, ఎందుకొచ్చిన గొడవ, కోతను పూడ్చేద్దామని లప్పం చేతిలోకి తీసుకున్నాను. నాయన తెల్లచొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని అప్పటికే వాకిట్లో నిలబడి ఉన్నాడు. సిగ్గేసి లప్పం పక్కన పడేశాను.

మండపంలో నాయనను నా బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. బెంగళూరు నుంచి వచ్చిన ఒక ఇంజినీరు నా బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పాత ఇంజిన్ల డ్రాయింగులూ ఫొటోలూ పోగుచేసే మనిషి.

"చాలా బాగా చేశారు మేడమ్. ఈ కోత ఒక్కటే తప్పు. డ్రాయింగ్‌లో లేదిది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పూట మాత్రం కోపం రాలేదు. తప్పని తేలితే నా రెండేళ్ల పని పోయినా పరవాలేదు. కానీ నాయన తలలో చెక్కుచెదరకుండా మిగిలింది ఆ ఇంజినొక్కటే, అదీ పోయిందని నలుగురి ముందు తేలిపోతుంది. ఆయన వైపు చూడటానికే భయమేసింది.

నాయన కుర్చీలోంచి లేవలేదు. "ఏమప్పా, ఆ కాగితం గీసినాయప్ప ఎప్పుడన్నా బొగ్గు ఎత్తినాడా?" అన్నాడు.

ఇంజినీరు నొచ్చుకోలేదు. ఇంజిన్ నంబరు అడిగాడు. నాయన తడుముకోకుండా చెప్పాడు. ఇంజినీరు లాప్‌టాప్ తెరిచి చాలాసేపు వెతికాడు. చివరికి పెనుకొండ స్టేషన్‌లో ఎవరో నీళ్ల ట్యాంకు ఎక్కి పైనుంచి తీసిన ఫొటో ఒకటి దొరికింది. కింద అదే నంబరు రాసి ఉంది. టెండర్ ఉన్నచోట బొమ్మను పెద్దది చేశాడు. సందుకు కుడి అంచున కోత కనబడింది, సరిగ్గా నేను కోసినచోటే.

నేను పైకే నవ్వేశాను. ఆ నవ్వు విని పక్క బల్లల వాళ్లంతా మా చుట్టూ మూగారు. ఒక్కొక్కరినీ పిలిచి ఫొటో చూపించాను. అడగనివాళ్లకు కూడా, ఈయన మా నాయన అని చెప్పాను. అంత గర్వం నాకు పెళ్లిలోనూ లేదు, ఉద్యోగం వచ్చినప్పుడూ లేదు.

ఇంజినీరు తన డ్రాయింగ్ తెచ్చి బల్ల మీద పరిచి, నాయన పక్కన కూర్చున్నాడు.

"కోత ఎంతుంటుంది తాతా?"

"జానెడు. నా జానెడు" అంటూ నాయన వేళ్లు చాపి చెయ్యి కాగితం మీద పెట్టాడు.

ఇంజినీరు జేబులోంచి టేపు తీసి, నాయన బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా కొలిచి, ఆ కొలతను డ్రాయింగ్‌లో పెన్నుతో రాసుకున్నాడు.