ఫోర్ అంటే పోరా

గుంటూరు శివార్లలో పొగాకు వ్యాపారులూ పెద్ద ఉద్యోగులూ నడిపే క్లబ్బొకటి ఉండేది. తెల్లదొరలు వెళ్ళిపోయి పదేళ్ళు దాటినా వాళ్ళ గోల్ఫు మైదానాన్ని మనవాళ్ళు భక్తిగా కాపాడుతుండేవారు. మా నల్లరేగడిలో పచ్చిక బతకదు. బంతి పడాల్సిన గుంట చుట్టూ ఇసుకలో నూనె కలిపి పరిచేవారు. వేసవిలో నేల నెర్రెలు విచ్చి బంతుల్ని మింగేసేది. అయినా ఆడేవారు. ఎవరి సరదా వాళ్ళది, నాకేం అభ్యంతరం లేదు.

అభ్యంతరం దారి దగ్గర వచ్చింది. మైదానం తూర్పు అంచున ఒక కాలిబాట ఉంది. పక్కనున్న క్రైస్తవ పల్లె ఆడవాళ్ళు తెల్లవారగానే మిరపకోతలకు ఆ బాటనే వెళ్ళేవారు. నేను ఆ పల్లె బడిలో మాస్టర్ని. బ్రాడీపేట నుంచి సైకిలు మీద నేనూ ఆ బాటనే వచ్చేవాణ్ణి.

ఆ ఏడు క్లబ్బువాళ్ళు ప్రాక్టీసు కోసం కొత్తగా రేకుల పందిరి వేశారు. కింద కొబ్బరిపీచు చాపలు. చాప మీద నిలబడి బంతి తర్వాత బంతి కొట్టడమే పని. ఆ బంతులన్నీ బాట మీదికే. మనుషులు ఇటు రాకూడదని బోర్డు కూడా పెట్టారు. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి పోతే పొద్దెక్కుతుంది. ఆలస్యమైతే రైతు చేలోకి దిగనివ్వడు. ఆ పూట కూలి పోయినట్టే.

ఒక పొద్దున కోత ముఠాకు ఎదురుగా సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాను. పందిట్లోంచి ఎవరో "ఫోర్!" అని అరిచారు. మా మధ్య బంతి పడి దుమ్ము లేచింది. ముఠాను నడిపించే పెద్దావిడ ఆగింది.

"ఎవడ్రా నన్ను పోరా అన్నది?"

ఆమె పందిరివైపు రెండడుగులు వేసింది.

"ఆడమనిషిని పట్టుకుని పోరా అంటావేంట్రా? పోవే అనాలని కూడా తెలీదు, నువ్వేం చదువుకున్నావురా!"

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. క్లబ్బు కార్యదర్శి పరుగెత్తుకొచ్చి, ఆమెను వదిలేసి నావైపు తిరిగాడు.

"మాస్టారూ, మీరైనా చెప్పండి. అది తిట్టు కాదండీ, ఇంగ్లీషు మాట. బంతి వస్తోంది, జాగ్రత్త అని."

"జాగ్రత్తపడి ఏం చేయాలండీ?"

"తప్పుకోవాలి."

"మరి ఆవిడకి సరిగ్గానే అర్థమైంది కదండీ."

పడమట ఉత్త బీడే కదా, పందిరిని అటు తిప్పమన్నాను. ఆయన గొంతు తగ్గించాడు. "సిద్ధాంతిగారు తూర్పుముఖంగానే ఉండాలన్నారండీ. కొబ్బరికాయ కొట్టి మరీ మొదలెట్టాం."

నాకు ఒళ్ళు మండింది. పొద్దుటి ఎండ సూటిగా కళ్ళలో కొడుతుంటే, ఎదురుగా మనుషులున్నారో లేదో కనపడకుండా బంతి కొట్టాలని ఏ శాస్త్రం చెప్పింది? ఆట దొరలది, దిక్కు సిద్ధాంతిది, దెబ్బ మాత్రం కూలివాళ్ళది! ఇదే మాట ఆయన మొహానే అన్నాను. ఆయన మా హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దవాళ్ళతో మనకెందుకయ్యా? బదిలీ చేయిస్తారు," అన్నాడు హెడ్మాస్టరు.

"చేయించనివ్వండి. అక్కడ కూడా ఏదో ఒక బాట మీదుగానే బడికెళ్ళాలి కదండీ."

మర్నాడు మళ్ళీ అందరం ఆ బాటనే వెళ్ళాం. పందిట్లో నలుగురు కర్రలెత్తి నిలబడ్డారు. పెద్దావిడ నడిబాటలో క్యారేజీ దించి, జుట్టు విప్పి, తీరిగ్గా ముడి వేసుకోసాగింది.

"అమ్మా, కాస్త తొందరగా నడవండి," కార్యదర్శి బతిమాలాడు. ఆమెతో ఆయన నేరుగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"నాకేం తొందర లేదు బాబూ. నీకుంటే చుట్టూ తిరిగి పో."

కర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. కోతలు ముగిసేలోపు పందిరి ముఖం పడమటికి తిరిగింది. సిద్ధాంతి ఏదో శాంతి చేయించాడట. ఏ శాంతో నాకు అనవసరం. రోజూ పొద్దున్నే, అడుగు వేగం పెంచకుండా ఆ బాటన వెళ్ళిన ఆడవాళ్ళను నేను కళ్ళారా చూశాను.