కొలవకముందు పోసిన దోసెడు కొర్రలు

"ఆ ఒక్క ముక్క ఎందుకు రాసినావే పాపా? నిన్ను ఎవురన్నా అడిగినారా?"

"జరిగింది జేజీ. జరిగినేది రాసినా."

"జరిగినేవన్నీ రాసుకుంటా పోతారా? సంతలో ఎద్దును అమ్మేటోడు దానికి ఏ కాలు నొప్పో చెప్పి అమ్ముతాడా?"

"చెప్పకుండా అమ్మినోని ఎద్దును నువ్వు కొంటావా?"

"మాటకు మాట చెప్పేది మాత్రం బాగా నేర్చుకున్నావు."

"తూకం కాడ అబద్ధం ఆడొద్దని చిన్నప్పటి నుంచి నువ్వే గదా చెప్తాండావు."

"నేను అబద్ధం ఆడమన్లేదు. నోరు మూసుకోమంటాండా."

"రెండూ ఒగటే."

"ఒగటి కాదు. నోరు మూసుకున్నోళ్లకు ఈపాటికి పట్టా వచ్చి ఉద్యోగం కూడా వచ్చింటాది."

ఆమె ఒళ్లో పెట్టుకున్న కంప్యూటరు వైపు చూస్తూ కూర్చుంది. నేను చేటలో కందిపప్పు ఏరుతూ ఉన్నాను. చెయ్యి కదులుతోందే గాని ఏ రాయీ కంటికి ఆనడం లేదు.

ఆమె నా కొడుకు కూతురు. కర్నూలులో పేరు ముందు డాక్టరు అని పెట్టుకునే పెద్ద చదువు చదువుతోంది. మందులిచ్చే డాక్టరు కాదు, పంటల మీద చదువు. మా ఊరు ఆలూరు దగ్గర. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ చదువు సంగతులు ఆమె నోటితో చెప్పగా నాకు ఎక్కినంతవరకే ఇక్కడ రాస్తున్నాను.

ఎన్నేళ్లు చదివినా, కనిపెట్టింది ఏదో ఒక పత్రికలో అచ్చయితేనో, వేస్తామని వాళ్లు రాసిస్తేనో తప్ప చివర్లో రాసే పుస్తకాన్ని వాళ్లు తీసుకోరు. ఆ నిబంధన పైన ఎక్కడో సడలించారని, వీళ్ల దగ్గర మాత్రం ఇంకా పట్టుకునే ఉన్నారని ఆమె చెప్పింది. పుస్తకం ఇవ్వడానికి ఉన్న గడువు అయిపోయింది. దాని మీద పొడిగించిన గడువు కూడా ఆ నెలతో ఆఖరు. అంతలోపల అది కాకపోతే ఇన్నేళ్ల చదువూ మట్టిలో కలిసినట్టే.

ఆమె చేసిన పని మా మెట్టచేనులోనే. పది మడులు కట్టింది. సగం మడుల్లో మా ఇంట్లో తరాలుగా దాచుకుంటున్న కొర్ర, సగం మడుల్లో కొత్తగా వచ్చిన కొర్ర. వాన ఆలస్యమైతే ఏది తట్టుకుంటుందో చూడాలని. మడికీ మడికీ నడుమ మూరెడు నేల ఖాళీగా వదిలింది. నాకు ప్రాణం ఒప్పలేదు. ఆ మూరెడులో అలసందలన్నా వేయమన్నాను. వేస్తే లెక్క చెడిపోతుందంది. నేల ఊరికే పడి ఉండటం చూడలేక నేను ఆ వైపు పోవడమే తగ్గించుకున్నాను.

మా కొర్రే గెలుస్తుందని నేను అనుకున్నాను. చివరికి రెండూ సుమారుగా ఒకటేనని తేలింది.

"ఇంత కష్టపడి తెల్సుకున్నేది ఇదేనా?" అన్నాను.

"రెండూ ఒగటేనని తెల్సుకునేది కూడా తెల్సుకునేదే జేజీ. కొత్త ఇత్తనం కోసరం ఊరూరా పరిగెత్తే పని తప్పుతాది గదా. కాకపోతే, తేడా లేదంటే పత్రికలోళ్లకు నచ్చదు. ఏదో ఒగటి గెల్సల్ల వాళ్లకు."

కోడిపందెమా అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఇక ఆ ముక్క సంగతి. కోత కోసి, ఏ మడి వెన్నులు ఆ మడివిగా నూర్చి, కళ్లంలో పది కుప్పలు పోశారు. నేను కోతకు వచ్చినవాళ్లకు బువ్వ తేవడానికి ఇంటికి వచ్చాను. మా వైపు కళ్లంలో గింజ కొలవకముందే కోతవాళ్ల ఒడిలో దోసెడు పోయడం ఆచారం. కొలిచాక ఇస్తే అది కూలిలోకి పోతుందని, కొలవకముందు ఇస్తేనే ఇంటివాళ్లు మనసారా పెట్టినట్టని వాళ్లు అనుకుంటారు. వాళ్లలో అందరికంటే పెద్దామె కొంగు పట్టి "ఏం పాపా, కొత్త గింజ పొయ్యవా, మీ జేజి అయితే అడిగించుకోదు" అందట. ఈమె దగ్గరున్న రెండు కుప్పల్లో చెయ్యి పెట్టి అందరికీ దోసెళ్లతో పోసేసింది. నేను గంప దించేసరికి తల పట్టుకుని కూర్చుని ఉంది. ఆ రెండు కుప్పలకు ఇక తూకం లేదు.

ఏమంత గింజలు, అంచనా వేసి రాసుకోమని నేనూ చెప్పాను, ఆమె చదువును దగ్గరుండి చూసే వాళ్ల సారూ చెప్పాడు. ఆమె వినలేదు. రెండు కుప్పల్లోంచి కొలవకముందే ఆచారం ప్రకారం కోతవాళ్లకు గింజలు పోశామని, అందుకే వాటి తూకం ఇవ్వడం లేదని ఒక వరుస రాసి పంపింది.

అది ఎక్కడో దూరదేశం పత్రిక. పంపినవి వాళ్లు వెంటనే అచ్చు వేయరు. అదే పని తెలిసిన ఇద్దరికి ఇచ్చి చూడమంటారు. ఆ ఇద్దరి పేర్లు రాసినవాళ్లకు చెప్పరు. చూసినందుకు వాళ్లకు రూపాయి కూడా ఇవ్వరట.

"కూలి లేని పని ఎవురన్నా ఎప్పుడు చేస్తారు? ఇంటి పనులన్నీ అయినంక చేస్తారు," అన్నాను.

"అందుకే జేజీ, ఇంత ఆలస్యం."

"మరి అచ్చేసినోళ్లు ఊరికే పంచుతారా?"

"యాడ! మేము చదవల్లంటే మళ్లా మా కాలేజీ దుడ్లు కట్టల్ల."

పంట మాది, చూసినవాళ్ల కష్టం వాళ్లది, అమ్ముకునేది మాత్రం ఇంకెవరో.

మరుసటి విత్తనాల కాలం దగ్గర పడేదాకా జవాబు లేదు. పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే ఫోను చూసేది. పండగకు వచ్చినా అదే, పొయ్యి దగ్గరా అదే. చివరికి వచ్చింది. చూసినవాళ్లలో ఒకరు బాగుందన్నారు. రెండోవాళ్లు ఆ వరుసనే పట్టుకున్నారు. తూకం కాకముందు గింజలు పంచిపెట్టిన పనిని నమ్మేదెట్లా, ఇంకో ఏడు పంట వేసి మళ్లీ చూపించండి అన్నారు.

ఇంకో ఏడు పంట! కొళాయి తిప్పితే వచ్చేదా అది? అయినా వేసింది. ఆరుద్ర కార్తెలో ఒక మంచి పదును వాన పడితే మళ్లీ అవే మడులు కట్టి విత్తింది. మొలక పచ్చగా లేచింది. తర్వాత ఆకాశం చుక్క రాల్చలేదు. బిందెలతో పోద్దామన్నాను. నీళ్లు పోస్తే వాన ఆలస్యమైన పంట ఎట్లా అవుతుంది జేజీ అంది. అదీ నిజమే. ఇద్దరం గట్టు మీద నిలబడి మొలక ఎండిపోవడం చూశాం. చేతిలో చెంబు ఉండి కూడా పోయకూడని చేను నేను అదే మొదటిసారి చూడటం.

ఈ పద్ధతి మారాలని ఆమెతో చదివేవాళ్లు కొందరు మాట్లాడుకుంటున్నారు. రాసింది ముందుగానే అందరికీ కనిపించేలా పెట్టాలని, చూసినవాళ్లు పేరు పెట్టి చూడాలని, వాళ్లు ఏమన్నారో దాన్ని కూడా పక్కనే అచ్చు వేయాలని. నాకు అది సబబుగానే తోచింది. మా ఊళ్లో గట్టు తగాదా తీర్చేటప్పుడు తప్పు నీదే అనేవాడు ఎదురుగా కూర్చుని అంటాడు. వాడి చేను ఏదో, వాడికి ఎవరంటే పడదో అందరికీ తెలుసు కాబట్టి ఆ మాటను ఎంతవరకు తీసుకోవాలో కూడా తెలుస్తుంది. ఆ మాటే ఆమెతో చెప్పాను.

"పేరు చెప్పల్లంటే చిన్నోళ్లు పెద్దోళ్ల తప్పు చెప్పేకి భయపడతారు జేజీ. మీ పంచాయితీలో కూలోడు ఎప్పుడన్నా రెడ్డిది తప్పు అన్న్యాడా?"



కర్నూలులో దీని మీదే ఒక సభ పెడితే ఈమె లేచి మాట్లాడిందట. తేడా లేదని తేలినవాటిని కూడా అచ్చు వేయాలని, ఉన్నది ఉన్నట్టు రాసినవాళ్లకు అన్యాయం జరగకూడదని. అందరూ చప్పట్లు కొట్టారట. వేదిక మీది పెద్దమనిషి ఒకాయన "శానా బాగా చెప్పినావు పాపా. నీవి ఎన్ని అచ్చయినాయి ఇంతవరకూ?" అని అడిగాడట. ఒకటీ లేదంది. "ముందు ఒగటి ఏయించుకోని రా, అప్పుడు మాట్లాడుదువు" అంటే ఆ చప్పట్లు కొట్టినవాళ్లే నవ్వారట. ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏ కోపమూ లేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

మేము పోట్లాడుకున్న రోజు ఆ పత్రికకు జవాబు పంపడానికి ఆఖరు రోజు. రెండో ఏడు వాన రాలేదని, పంట చేతికి రాలేదని, ఉన్నదాన్ని ఉన్నట్టే చూసి న్యాయం చెప్పమని ఆమె రాసిపెట్టుకుంది. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో నాకు చదివి వినిపించింది. బతిమాలినట్టు లేదు. సూటిగా ఉంది. ఆమె చదవడం అయ్యాకే నేను ఆ ముక్క ఎందుకు రాశావని మొదలుపెట్టాను. జవాబు బాగుంది, కాని దాని వల్ల ఏమీ కాదని నాకు తోచింది.

దీపాలు పెట్టే వేళకు వాళ్ల సారు ఫోను చేశాడు. చెడ్డవాడు కాదు. మడులు చూడటానికి వచ్చినప్పుడు మా ఇంట్లో జొన్నరొట్టె తిని, తన కంచం తానే కడుగుతానని పట్టుబట్టిన మనిషి. ఆయనకూ పై ఉద్యోగం రావాలంటే అచ్చయినవి చూపించాలి. ఆమె మంచం మీద ఫోను పెట్టి గట్టిగా వినిపించేలా చేసింది.

"జవాబు పంపవద్దమ్మా. వాళ్లు మళ్లీ ఆ ఇద్దరికీ పంపుతారు, ఇంకో ఏడాది పోతుంది. నీకు ఈ నెలే ఉంది."

"సార్, ఇంగ యాడికి పంపేది?"

"నేను చూసుకుంటాను. పొద్దున మాట్లాడదాం."

"ఆ ముక్క తీసేయొద్దు సార్."

"నీ మేలు కోరేవాణ్ణే కదమ్మా నేను," అని పెట్టేశాడు.

ఆయన మాట కాదని పంపితే ఎట్లా, పుస్తకం మీద సంతకం పెట్టేది ఆయనే. ఆమె కంప్యూటరు మూసింది. నేను సంగటి పెట్టాను. సగం తిని చెయ్యి కడుక్కుంది. ఏదన్నా చెబుదామని నోటిదాకా వచ్చింది గాని, పంపమని చెప్పడానికి ధైర్యం చాల్లేదు, ఊరుకోమని చెప్పడానికి నోరు రాలేదు.

పొద్దున నేను వాకిలి చల్లుతుండగా ఫోను మోగినట్టయింది. సారు రాత్రే వేరే పత్రికకు పంపాడు. చూసేవాళ్లకు ఎంతో నచ్చిందని, ఈ వారంలోనే వేస్తామని వాళ్లు తెల్లారేలోపు జవాబిచ్చారు. సారు వాళ్లకు పంపినదాన్ని ఆమె తెరిచి చదివింది. అందులో ఎనిమిది మడులే ఉన్నాయి. కోతవాళ్లు లేరు, కళ్లం లేదు. రెండూ ఒకటేనన్న మాట పోయి, మా కొర్ర కొత్తదానికంటే కొంచెం మెరుగని ఉంది. పైన మొదట ఆమె పేరు, తర్వాత సారు పేరు.

ఆమె సారుకు ఫోను చేసింది. ఆయన ముందే అభినందనలు చెప్పాడు. ఆమె చాలాసేపు విని, "మంచిది సార్" అని పెట్టేసింది. నీళ్లు పోసుకుని, బట్టలు సర్దుకుని, పుస్తకం ఇవ్వడానికి ఎనిమిది గంటల బస్సుకు కర్నూలు పోయింది.